ఆల్ట్+ఎఫ్2 కొడితే కన్సోల్ మారుతోంది గానీ కీబోర్డు మొరాయిస్తోంది, వర్చువల్ కన్సోళ్ళు అసలు ఎలా కట్టాలి?

విజయనగరం_గుంటడు
ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకి సొంతంగా చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తున్నాను. 32 బిట్, టెక్స్ట్ మోడ్ మాత్రమే, గ్రాఫిక్స్ జోలికి పోలేదు. షెల్ (కమాండ్లు తీసుకుని నడిపే ప్రోగ్రామ్) లేచింది, కొన్ని కమాండ్లు నడుస్తున్నాయి. లినక్స్‌లో లాగా ఆల్ట్+ఎఫ్1, ఆల్ట్+ఎఫ్2 నొక్కితే వేరే వేరే కన్సోళ్ళు, అంటే ఒకే తెర మీద విడివిడిగా నడిచే కమాండ్ తెరలు, రావాలని పెట్టాను. మారుతున్నాయి కూడా. కానీ రెండు తలనొప్పులు. ఒకటి, ఆల్ట్+ఎఫ్2తో రెండోదానికి వెళ్ళి, అక్కడ నేను రాసుకున్న ‘మార్చు 1’ కమాండ్‌తో వెనక్కి వస్తే మొదటి కన్సోల్ ఇంకా ఆల్ట్ నొక్కే ఉందనుకుంటోంది. ఏ అక్షరం కొట్టినా పడదు. ఆల్ట్ ఒకసారి నొక్కి వదిలితే దారికొస్తుంది. అదే ఆల్ట్+ఎఫ్1తో వెనక్కి వస్తే ఏ గొడవా లేదు, ఇదేటో అర్థం కావట్లేదు. రెండు, మొదటి కన్సోల్‌లో అంకెలు ప్రింటు చేసే ప్రోగ్రామ్ నడుస్తుండగా రెండోదానికి వెళ్తే ఆ అంకెలన్నీ వచ్చి ఇక్కడ పడుతున్నాయి.
సిరిమాను పండగ అయిన వారంలో రివ్యూ. గైడ్ గారేమో ‘తెర ఒక్కటే కదా, ఇన్ని కన్సోళ్ళు దేనికి’ అని అడుగుతున్నారు. దానికీ జవాబు కావాలి.

బొబ్బిలి_బూట్‌లోడర్
ఆల్ట్ నొక్కి ఉందా లేదా అన్న జెండా ఎక్కడ దాచావు? ప్రింటు ఫంక్షన్ ఎక్కడికి రాస్తోంది?

విజయనగరం_గుంటడు
ప్రతి కన్సోల్‌కీ ఒక స్ట్రక్చర్ ఉంది, ఆల్ట్, కంట్రోల్, షిఫ్ట్ జెండాలు అందులోనే. ప్రింటు నేరుగా వీడియో మెమరీకే, బి8000 దగ్గరకి.

ఏడురోడ్ల_ఎంబెడెడ్
రెండు జబ్బులూ ఆ రెండు వాక్యాల్లోనే ఉన్నాయి తమ్ముడూ.
ముందు ఆల్ట్ సంగతి. నువ్వు మొదటి కన్సోల్‌లో ఉండగా ఆల్ట్ నొక్కావు, స్కాన్ కోడ్ (ఏ కీ కదిలిందో కీబోర్డు పంపే నంబరు, ఇక్కడ అన్నీ హెక్స్‌లో, అంటే 16 ఆధారంగా ఉండే లెక్కలో) 38 వచ్చింది, మొదటి కన్సోల్ జెండా లేచింది. తర్వాత ఎఫ్2, అంటే హెక్స్ 3సి, కన్సోల్ మారింది. ఇప్పుడు ఆల్ట్ వదిలావు, బి8 వచ్చింది, కానీ అప్పటికి నువ్వు రెండో కన్సోల్‌లో ఉన్నావు కాబట్టి దించినది రెండోదాని జెండా. మొదటిది లేచే ఉండిపోయింది. హాట్‌కీతో (ఆల్ట్+ఎఫ్1 లాంటి కలయికతో) తిరిగొస్తే ఆ వచ్చేటప్పుడు వదిలే ఆల్ట్ మొదటి కన్సోల్‌లో పడి పాత జెండాని కూడా దించేస్తుంది, అందుకే నీకు గొడవ కనపడలేదు. కమాండ్‌తో వస్తే వదలడానికి ఆల్టే లేదు. కావాలంటే ఎడమ ఆల్ట్‌తో వెళ్ళి కుడి ఆల్ట్‌తో తిరిగి రా. కుడిదానికి ముందు ఇ0 వస్తుంది కదా, రెండిటికీ వేరే జెండాలు పెట్టి ఉంటే అప్పుడూ ఇలాగే ఇరుక్కుంటుంది.
కీబోర్డు ఒక్కటే, దాని మీద వేళ్ళూ ఒక్కరివే. ఆల్ట్ నొక్కి ఉందా అన్నది కీబోర్డుకి సంబంధించిన నిజం, కన్సోల్‌కి కాదు. కాబట్టి ఆ జెండాలు కీబోర్డు డ్రైవర్‌లో ఒకే చోట ఉండాలి. క్యాప్స్ లాక్, నమ్ లాక్ మాత్రం కన్సోల్‌కి ఒకటి పెట్టుకోవచ్చు, అప్పుడు మారినప్పుడల్లా కీబోర్డు లైట్లు కూడా సరిచేయాలి.
మా ఊళ్ళో ఏడు రోడ్ల జంక్షన్లో నిలబడ్డ ట్రాఫిక్ కానిస్టేబుల్ చూడు, ఏ రోడ్డు వదలాలో తేల్చేది ఆయనే, బండివాళ్ళు కాదు. నీ కీబోర్డు డ్రైవర్ అలా నిలబడాలి. స్కాన్ కోడ్ రాగానే మొదట హాట్‌కీనా కాదా చూడాలి, అయితే అక్కడే మింగేయాలి, కాకపోతేనే ముందున్న కన్సోల్ క్యూలోకి పంపాలి. ప్రోగ్రామ్ చదువుకునేదాకా ఆగి చూశావా, ప్రోగ్రామ్ వేలాడిపోయిన రోజున హాట్‌కీ కూడా వేలాడిపోతుంది. సరిగ్గా అప్పుడే కదా మనకి అది కావాల్సింది.
రెండోది ప్రింటు. ప్రతి కన్సోల్‌కీ సొంత బఫర్ ఇవ్వు. 80 నిలువు వరసలు, 25 అడ్డ వరసలు, గడికి 2 బైట్లు, మొత్తం 4000 బైట్లు. ప్రోగ్రామ్ ఎప్పుడూ తన కన్సోల్ బఫర్‌కే రాస్తుంది. ఆ కన్సోల్ ముందుంటే మాత్రం వీడియో మెమరీలో కూడా పడుతుంది. కర్సర్ ఎక్కడుంది, ఇప్పటి రంగేది, ఎస్కేప్ సీక్వెన్స్ (రంగు, కర్సర్ మార్చమని అక్షరాల మధ్యలో వచ్చే కోడ్) ఎంతవరకు చదివావు, కీల క్యూ, కంట్రోల్+సి కొడితే ఎవరికి చేరాలి, ఇవన్నీ కన్సోల్‌వి. ఎస్కేప్ సీక్వెన్స్ స్థితి చాలామంది మర్చిపోతారు. ఒక ప్రోగ్రామ్ రంగు కోడ్ సగం రాసిన క్షణంలో ఇంకో కన్సోల్‌లో ఎవరో ప్రింటు చేస్తే మిగతా సగం అక్షరాలుగా తెర మీద పడుతుంది.

రాజాం_రూట్
ఇంత హంగామా అక్కర్లేదు. వీజీఏ (పీసీ వీడియో కార్డు) టెక్స్ట్ మెమరీ కిటికీ 32 కేబీ ఉంది, 4000 బైట్ల చొప్పున 8 పేజీలు పడతాయి. ప్రతి కన్సోల్‌కీ ఒక పేజీ ఇచ్చెయ్. మార్చాలంటే 3డి4 పోర్టులో రిజిస్టర్ 0సి, 0డి ఎంచుకుని 3డి5లో కొత్త ప్రారంభ చిరునామా రాస్తే చాలు, కాపీ చేసే పనే లేదు. 1992 జనవరిలో వచ్చిన లినక్స్ 0.12లో కూడా ఎడమ ఆల్ట్, ఎఫ్ కీలతో 8 కన్సోళ్ళ దాకానే. రివ్యూ దగ్గర పడింది, తేలిగ్గా అయ్యేది చెప్పండి కుర్రాడికి.

ఏడురోడ్ల_ఎంబెడెడ్
రివ్యూ వరకు అయితే సరే, కాదనను. కానీ ఆ దారిలో వెళ్తే స్క్రోల్‌బ్యాక్‌కి, అంటే పైకి జరిగిపోయిన వరసలు మళ్ళీ చూడటానికి, చోటు లేదు. పైగా ఇప్పుడొచ్చే యూఈఎఫ్ఐ (పాత బయాస్ స్థానంలో వచ్చిన ఫర్మ్‌వేర్) మెషీన్లు చాలావాటిలో టెక్స్ట్ మోడే ఉండదు, ఫ్రేమ్‌బఫర్ (పిక్సెళ్ళు నేరుగా రాసే మెమరీ) ఒక్కటే ఇస్తాయి. పేజీలనే నమ్ముకుని రాస్తే రేపు మొత్తం తిరగరాయాలి. ర్యామ్‌లో బఫర్ పెట్టుకుంటే కింద ఏ తెర ఉన్నా పైన కోడ్ మారదు.
పేజీలతోనే చేస్తే ఒకటి గుర్తుంచుకో తమ్ముడూ. కర్సర్ రిజిస్టర్లు 0ఇ, 0ఎఫ్ వీడియో మెమరీ మొదటి నుంచి లెక్కపెడతాయి, పేజీ మొదటి నుంచి కాదు. లెక్క కూడా బైట్లలో కాదు, గడుల్లో. మూడో కన్సోల్ మొదటి గడి అంటే 0 కాదు, 4000వ గడి. అది కలపకపోతే అక్షరాలు కనపడతాయి, కర్సర్ మాత్రం కనపడదు.

రాజాం_రూట్
స్క్రోల్‌బ్యాక్ అంటారా, లినక్స్ వాళ్ళే 2020లో 5.9లో కన్సోల్ స్క్రోల్‌బ్యాక్ కోడ్ తీసి పారేశారు. షిఫ్ట్+పేజ్‌అప్ అలవాటైన వేళ్ళకి నాకు ఇప్పటికీ కోపమే.

ఆమదాలవలస_ఎక్స్‌ప్రెస్
లినక్స్‌లో 63 ఉంటాయట కదా. మా స్టేషన్లో అన్ని ప్లాట్‌ఫారాలుంటే ఎంత బావుణ్ణు. అసలు ఎన్ని చాలు?

బొబ్బిలి_బూట్‌లోడర్
63 అన్నది పైహద్దు. మామూలుగా సిస్టమ్‌డీ (లినక్స్‌లో సర్వీసులు లేపే ప్రోగ్రామ్) ఉన్నచోట 6 మాత్రమే, అవీ నువ్వు వెళ్ళినప్పుడే లాగిన్ లేస్తుంది. అది మంచి పద్ధతి, ఎవరూ వెళ్ళని కన్సోల్‌కి షెల్ లేపి మెమరీ తగలెయ్యడం దేనికి? గుంటడికి నా సలహా, నాలుగు పెట్టు. మూడు షెల్‌కి, నాలుగోది కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) మాటలకి.

పలాస_పప్పు
గైడ్ గారికి జవాబు నేను చెప్తాను. సర్వర్లు చూసుకునే ఉద్యోగం నాది. ఒక ఆఫీసులో రాత్రిపూట బ్యాకప్ నడుస్తుంటే మెమరీ మొత్తం ఒక ప్రాసెస్ తినేసింది. గ్రాఫిక్ తెర బిగుసుకుపోయింది, మౌస్ కదలదు, నెట్‌వర్క్ ద్వారా లాగిన్ అవుదామంటే అదీ లేదు. కంట్రోల్+ఆల్ట్+ఎఫ్3 కొట్టి చాలాసేపు ఎదురుచూస్తే లాగిన్ వచ్చింది. అక్కడినుంచి ఆ ఒక్క ప్రాసెస్‌ని చంపితే మొత్తం మెషీన్ తేరుకుంది. పవర్ బటన్ నొక్కి ఉంటే బ్యాకప్ పోయేది, డేటాబేస్ కూడా ఏ స్థితిలో ఉండేదో. తెర ఒక్కటే అయినా దారి ఇంకొకటి ఉండాలి, అదే దీని అవసరం.
ఇంకా చూపించాలంటే డెబియన్ ఇన్‌స్టాలర్ నడిపి చూపించు. ఇన్‌స్టాల్ ఒక పక్క నడుస్తుంటే ఆల్ట్+ఎఫ్2లో షెల్, ఆల్ట్+ఎఫ్4లో లాగ్. ఎక్కడ ఆగిందో నిమిషంలో తెలుస్తుంది. గైడ్ గారు ఒప్పుకోకపోతే అప్పుడు మళ్ళీ అడుగు.

విజయనగరం_గుంటడు
అన్నా ఇది బాగుంది, రివ్యూలో ఇదే చూపిస్తాను. ఇంకో డౌట్. మామూలు కన్సోల్‌లో ఆల్ట్+ఎఫ్2 చాలు, గ్రాఫిక్ తెర నుంచి మాత్రం కంట్రోల్ కూడా కలపాలి. రెండు రకాలు ఎందుకు?

పలాస_పప్పు
గ్రాఫిక్ ప్రోగ్రాములు ఆల్ట్+ఎఫ్4 లాంటివి ముందే వాడేసుకున్నాయి కాబట్టి. పైగా అక్కడ కీబోర్డు కెర్నల్ చేతిలో ఉండదు. గ్రాఫిక్ సర్వర్ కీలని పచ్చిగా తీసుకుంటుంది, కంట్రోల్+ఆల్ట్+ఎఫ్2 చూసి అదే కెర్నల్‌ని ‘మార్చు’ అని అడుగుతుంది. అందుకే సర్వర్ పూర్తిగా బిగుసుకుంటే ఈ హాట్‌కీ కూడా పనిచేయదు. అప్పుడు ఆల్ట్+సిస్‌రిక్యూ+ఆర్ (సిస్‌రిక్యూ అంటే ప్రింట్ స్క్రీన్ కీ) కొట్టి కీబోర్డుని కెర్నల్‌కి వెనక్కి ఇప్పించి, తర్వాత మారాలి. అది కూడా ఆ సదుపాయం ఆన్ చేసి ఉంటేనే. పైన ఏడురోడ్ల గారు చెప్పిన మాటకి ఇదే సాక్ష్యం, హాట్‌కీ ఎంత కింద ఉంటే అంత నమ్మకం.

డీటీపీ_అక్క
మీ అంత లోతు నాకు తెలీదు గానీ ఒక మాట చెప్తాను, దయచేసి వినండి. శ్రీకాకుళంలో డీటీపీ సెంటర్ నాది. పొద్దున్నించీ సాయంత్రం దాకా తెలుగు ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్‌లో కొడతాను. కొన్ని ప్రోగ్రాముల్లో తెలుగు లేఅవుట్ ఉండగా కంట్రోల్+సి కొడితే కాపీ అవదు. ఇంగ్లీషుకి మారి, కాపీ కొట్టి, మళ్ళీ తెలుగుకి రావాలి. శుభలేఖల సీజన్లో ఇదెంత చిరాకో మీకు తెలీదు. ఆపరేటింగ్ సిస్టమే రాస్తున్నావు కదా బాబూ, నీదాంట్లోనైనా ఇలా లేకుండా చూడు.

ఏడురోడ్ల_ఎంబెడెడ్
అక్కా, ఇది ఈ థ్రెడ్‌లో అందరికన్నా పనికొచ్చే మాట. ఇన్‌స్క్రిప్ట్‌లో సి కీ మీద ఉండేది ‘మ’. ఆ ప్రోగ్రామ్ ముందు కీని అక్షరంగా మార్చి, తర్వాత ‘సి’ అవునా కాదా అని చూస్తుంది. వచ్చింది ‘మ’. కంట్రోల్+మ అంటే దానికేం తెలుసు? హాట్‌కీని అక్షరంతో కాదు, కీ ఉన్న చోటుతో, అంటే స్కాన్ కోడ్‌తో పోల్చాలి. సి కీ హెక్స్ 2ఇ, ఏ భాష పెట్టినా అదే.

రాజాం_రూట్
ఇక్కడ నేను ఒప్పుకోను. ఫ్రెంచి కీబోర్డు తీసుకోండి, మన డబ్ల్యూ ఉన్నచోట వాళ్ళకి జెడ్ ఉంటుంది. చోటుతో పోలిస్తే వాళ్ళు కంట్రోల్+జెడ్ కొడితే కంట్రోల్+డబ్ల్యూ అయి కూర్చుంటుంది. చేసిన పని వెనక్కి తీద్దామనుకుంటే ట్యాబ్ మూసుకుపోతుంది.

డీటీపీ_అక్క
మరి ఫ్రెంచివాళ్ళకి ఒకలా, మాకు ఒకలా చెయ్యలేరా?

బొబ్బిలి_బూట్‌లోడర్
చెయ్యొచ్చు అక్కా, అదే సరైన పద్ధతి. ఇప్పటి లేఅవుట్‌లో ఆ కీకి లాటిన్ అక్షరం ఉంటే ఆ అక్షరంతో పోల్చాలి. ఫ్రెంచివాళ్ళకి ఇబ్బంది లేదు. లాటిన్ కాకుండా తెలుగో, హిందీయో, రష్యనో వస్తే కింద పెట్టుకున్న మూల లేఅవుట్‌లో ఆ కీ మీద ఏముందో దానితో పోల్చాలి. ఎఫ్1 నుంచి ఎఫ్12 దాకా ఎలాగూ చోటే. వాటి మీద ఏ భాషవాళ్ళూ అక్షరాలు పెట్టరు, కన్సోల్ మార్చడానికి ఎఫ్ కీలు కుదిరింది అందుకే. గుంటడూ, కీమ్యాప్ టేబుల్ ఇప్పుడే రెండు వరసలుగా పెట్టుకో. తర్వాత చేద్దామంటే కుదరదు.

రాజాం_రూట్
సరే, అలా అయితే ఒప్పుకుంటాను.

చీపురుపల్లి_చిప్
ఎఫ్ కీలు అంత గొప్పవేం కాదండీ. నా ల్యాప్‌టాప్‌లో ఎఫ్2 నొక్కితే వెలుతురు తగ్గుతుంది, ఎఫ్3 నొక్కితే పెరుగుతుంది. కన్సోల్ మార్చాలంటే కంట్రోల్, ఆల్ట్, ఎఫ్ఎన్, ఎఫ్3, నాలుగు కీలు. చిన్న కీబోర్డు మీద వేళ్ళు మెలిపెట్టుకోవాలి.

ఏడురోడ్ల_ఎంబెడెడ్
ఎఫ్ఎన్ కీని ల్యాప్‌టాప్ లోపల ఉండే ఎంబెడెడ్ కంట్రోలరే చూసుకుంటుంది, చాలా వాటిలో ఆపరేటింగ్ సిస్టమ్‌కి దాని స్కాన్ కోడే రాదు. కోడ్ రాసి ఏం చేయలేం. బయాస్‌లో ఫంక్షన్ కీలని మామూలుగా పెట్టే సెట్టింగ్ ఉందేమో చూడండి. చాలా మోడళ్ళలో ఎఫ్ఎన్+ఎస్కేప్‌తో కూడా మారుతుంది. డిజైన్ చేసేవాళ్ళు మాత్రం రెండో దారి ఇవ్వాలి. లినక్స్ కన్సోల్‌లో ఆల్ట్+ఎడమ బాణం, ఆల్ట్+కుడి బాణం పక్క కన్సోల్‌కి తీసుకెళ్తాయి. అది పెట్టు గుంటడూ, ఎఫ్ కీలు లేని కీబోర్డులకీ పనికొస్తుంది.

ఆమదాలవలస_ఎక్స్‌ప్రెస్
ఇంత గొడవెందుకు, ఒకే టెర్మినల్‌లో చాలా షెల్లు నడిపే ‘స్క్రీన్’ ప్రోగ్రామ్‌లో లాగా ఒక ముందు కీ పెట్టేస్తే? కంట్రోల్+ఎ కొట్టు, తర్వాత 2 కొట్టు. ఫోన్ నుంచైనా, సీరియల్ కేబుల్ నుంచైనా నడుస్తుంది. 1987 నుంచీ జనం వాడుతున్నదే.

బొబ్బిలి_బూట్‌లోడర్
సీరియల్ మీద అదొక్కటే దారి, నిజమే. సీరియల్‌లో వచ్చేవి అక్షరాలు, ఆల్ట్ నొక్కడం వదలడం అక్కడ తెలియదు. కానీ కీబోర్డు ముందున్నవాడికి ఒక మామూలు అక్షరాన్ని లాగేసుకోవడం తప్పు. బాష్ షెల్‌లో కంట్రోల్+ఎ అంటే వరస మొదటికి వెళ్ళడం, స్క్రీన్ లోపల అదే కావాలంటే కంట్రోల్+ఎ తర్వాత మళ్ళీ ఎ కొట్టాలి. స్క్రీన్ లాంటిదే అయిన టీమక్స్ వాళ్ళు కంట్రోల్+బి తీసుకున్నారు, అది ఒక అక్షరం వెనక్కి వెళ్ళే కీ. ప్రోగ్రాములు ఏదీ వాడని కలయిక కెర్నల్‌ది కావాలి, మిగిలినవన్నీ ప్రోగ్రాములవి.

ల్యాబ్_మాస్టారు
భద్రత గురించి ఎవరూ ఎత్తలేదు. మా ల్యాబ్‌లో ఒక బ్యాచ్ వాళ్ళు రెండో కన్సోల్‌లో లాగిన్ అడిగే తెర లాంటిదే ఒక ప్రోగ్రామ్ రాసి వదిలి వెళ్ళారు. తర్వాత వచ్చినవాళ్ళు పాస్‌వర్డ్ కొట్టడం, అది ఫైల్లో రాసుకుని ‘తప్పు పాస్‌వర్డ్’ అని చెప్పి అసలు లాగిన్‌కి పంపేయడం. తెర మీద కనపడేదాన్ని బట్టి అసలుదా నకిలీదా చెప్పలేం. ఏ ప్రోగ్రామూ పట్టుకోలేని ఒక కీ కలయిక ఉండి, దాన్ని నొక్కితే ఆ కన్సోల్ మీదున్న ప్రాసెస్‌లన్నీ చచ్చి కొత్త లాగిన్ రావాలి. లినక్స్‌లో ఆల్ట్+సిస్‌రిక్యూ+కె చేసేది అదే. విండోస్ ఎన్‌టీ లాగిన్‌కి ముందు కంట్రోల్+ఆల్ట్+డిలీట్ కొట్టమన్నదీ ఇందుకే.
ఇంకొకటి. గ్రాఫిక్ తెరకి తాళం వేసి టీకి వెళ్తారు, మూడో కన్సోల్‌లో రూట్‌గా (అన్ని హక్కులున్న యూజర్‌గా) లాగిన్ అయి ఉన్నది మర్చిపోతారు. ఎవరైనా కంట్రోల్+ఆల్ట్+ఎఫ్3 కొడితే మెషీన్ వాళ్ళదే. వీలాక్ లాంటి ప్రోగ్రాములు కన్సోల్ మారకుండా మొత్తానికే తాళం వేయగలవు. మార్చే ఫంక్షన్‌లో ‘తాళం ఉందా’ అన్న ఒక్క పరీక్ష పెట్టుకో బాబూ, పెద్ద పనేం కాదు.

కోట_జంక్షన్
మాస్టారి మాటకి తోడు. ఆన్‌లైన్ పరీక్షలు జరిగే కేంద్రంలో టెక్నికల్ పని చేశాను. ఒక అమ్మాయి ఏదో నొక్కబోయి కంట్రోల్+ఆల్ట్+ఎఫ్4 నొక్కింది, తెరంతా నలుపు, మూల ఒక కర్సర్. టైమ్ పోతోందని ఏడుపు. పరీక్ష వెనకాల నడుస్తూనే ఉంది, ఏమీ పోలేదు, కానీ ఆ టెన్షన్‌లో ఎవరు నమ్ముతారు? గ్రాఫిక్ తెర ఏ నంబరులో ఉందో వెతుక్కోవాల్సి వచ్చింది. ఒకప్పుడు కళ్ళు మూసుకుని ఎఫ్7 అనేవాళ్ళం, ఇప్పుడు చాలాచోట్ల ఎఫ్1, ఎఫ్2. ఖాళీ కన్సోల్ అయినా పైన ఒక వరస ఉండాలి, ‘ఇది కన్సోల్ 4, వెనక్కి వెళ్ళడానికి ఇది నొక్కండి’ అని. తెలిసినవాళ్ళకి అక్కర్లేదేమో, ఆ అమ్మాయికి కావాలి.

విజయనగరం_గుంటడు
జెండాలు డ్రైవర్‌లోకి మార్చాను, ఆల్ట్ గొడవ పోయింది. బఫర్లు కూడా వేరు చేశాను, అంకెలు ఎక్కడివక్కడే ఉంటున్నాయి. పై వరస సంగతి కోట జంక్షన్ గారు చెప్పినట్టే పెడతాను. కొత్త సమస్య ఒకటి, మొదటి కన్సోల్ జోరుగా స్క్రోల్ అవుతున్నప్పుడు మారి తిరిగొస్తే అప్పుడప్పుడు ఒక వరస రెండుసార్లు కనపడుతోంది.

ఏడురోడ్ల_ఎంబెడెడ్
ఇంటరప్ట్ హ్యాండ్లర్‌లోనే 4000 బైట్లు కాపీ చేస్తున్నావు కదూ? ప్రింటు ఫంక్షన్ వరసలు పైకి జరుపుతూ సగంలో ఉన్నప్పుడు ఐఆర్‌క్యూ 1 (కీబోర్డు ఇంటరప్ట్) వచ్చి పడుతోంది, నువ్వు ఆ సగం బొమ్మనే తెర మీద పెడుతున్నావు. హ్యాండ్లర్‌లో ‘2కి వెళ్ళాలి’ అని రాసి పెట్టుకుని బయటకొచ్చెయ్. అసలు మార్పు తర్వాత, కన్సోల్ లాక్ (ఒకేసారి ఒక్కరే కన్సోల్‌ని ముట్టేలా చూసే తాళం) పట్టుకుని చెయ్. లినక్స్ కూడా కోరిన కన్సోల్ నంబరు గుర్తుపెట్టుకుని పని వెనక్కి తోస్తుంది.

డీటీపీ_అక్క
నీ కన్సోల్‌లో తెలుగు కనపడుతుందా బాబూ?

విజయనగరం_గుంటడు
లేదక్కా, టెక్స్ట్ మోడ్‌లో ఫాంట్‌కి 256 అక్షరాలే, ఎంత సాగదీసినా 512. గుణింతాలు, ఒత్తులు అన్నీ పట్టవు.

బొబ్బిలి_బూట్‌లోడర్
512 కంటే పెద్ద చిక్కు గడులది. ‘స్త్రీ’ చూడండి, లోపల 6 కోడ్ పాయింట్లు (యూనికోడ్ నంబర్లు), కంటికి ఒక్కటే అక్షరం. గడికి ఒక కోడ్ పాయింట్ అనుకుని కట్టిన కన్సోల్‌లో దాన్ని పెట్టే చోటే లేదు. బ్యాక్‌స్పేస్ కొడితే ఎంత చెరపాలో కూడా తేల్చుకోవాలి. లినక్స్ కెర్నల్ కన్సోల్ ఇప్పటికీ తెలుగు ఒత్తులని సరిగ్గా కూర్చి చూపించదు. ఫ్రేమ్‌బఫర్‌కి వెళ్ళాలి, అక్షరాలు కూర్చే పని కెర్నల్ బయట ఒక ప్రోగ్రామ్‌కి అప్పజెప్పాలి. రివ్యూకి వద్దు, తర్వాత తప్పకుండా.

ఏడురోడ్ల_ఎంబెడెడ్
అప్పుడు కన్సోల్‌కి ఒక పిక్సెల్ బొమ్మ దాచకు. 1366 బై 768 తెర, పిక్సెల్‌కి 4 బైట్లు అంటే ఒక్కోటి 4 ఎంబీ. గడులే దాచుకుంటే 170 నిలువు, 48 అడ్డం, గడికి 4 బైట్లు వేసినా 32 కేబీ. మారినప్పుడు మళ్ళీ గీసుకో. స్క్రోల్ చెయ్యడానికి ఫ్రేమ్‌బఫర్ నుంచి చదవకు, ఆ చదవడం చాలా నిదానం.

పలాస_పప్పు
ఒక్కటి మిగిలింది. కెర్నల్ కూలిపోయినప్పుడు ఏ కన్సోల్ చూపిస్తావు?

విజయనగరం_గుంటడు
ముందున్నదాని మీదే ఎర్రగా రాస్తున్నాను.

పలాస_పప్పు
నాలుగోది కెర్నల్‌కే ఇచ్చావు కదా, ముందు దానికి మారి అక్కడ రాయి, అంతకుముందు మాటలు కూడా పక్కనే కనపడతాయి. ఆ మార్పు మామూలు దారిలో చెయ్యకు. లాక్ ఎవరి చేతిలో ఉండగా కూలిందో తెలియదు, దాని కోసం ఆగితే తెర మీద ఏమీ రాదు. ఇంటరప్టులు ఆపేసి, లాక్ చూడకుండా, బఫర్ నుంచి నేరుగా బి8000కి కాపీ చేసి ఆగిపో. రివ్యూ ముందు కావాలని ఒకసారి సున్నాతో భాగించి, రెండో కన్సోల్‌లో ఉండగా ఏం కనపడుతుందో చూసుకో.